ఖాళీ కుర్చీలకు అప్పీలు

ప్రపంచ వాణిజ్య సంస్థ జనరల్ కౌన్సిల్‌లో కూర్చునే 166 సభ్యుల రాయబారులకు,
జెనీవా.

అయ్యలారా, అమ్మలారా,



పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికి దగ్గర్లో ఒక పల్లెటూరు మాది. ఊరి పేరుతో మీకు పనిలేదు. మా ఊరి రొయ్య మాత్రం మీలో కొందరి పళ్ళేల్లోకి వచ్చే ఉంటుంది. తల తీసి, తొక్క ఒలిచి, గడ్డకట్టించి, మీ దేశపు సూపర్ మార్కెట్ పేరు అచ్చేసిన సంచిలో. ఆ లెక్కన మనం బొత్తిగా కొత్తవాళ్ళం కాదు.

మీరు నెల నెలా జరిపే ఒక తంతు గురించి రాస్తున్నాను. జనరల్ కౌన్సిల్‌లో కూర్చునే మీరే టోపీ మార్చుకుని వివాద పరిష్కార మండలిగా కూర్చుంటారు. అజెండాలో ఆ అంశం వస్తుంది. వాణిజ్య తగాదాల్లో అప్పీళ్ళు విని తేల్చే అప్పిలేట్ బాడీలో ఖాళీగా పడి ఉన్న ఏడు కుర్చీలకు మనుషుల్ని ఎంపిక చేసే పని మొదలుపెడదామని 130 సభ్యుల తరఫున ఒకరు లేచి అడుగుతారు. మేం ఒప్పుకోలేమని అమెరికా ప్రతినిధి అంటారు. అడిగినవారు విచారం వెలిబుచ్చుతారు. ఇంకొందరు లేచి తమ విచారం కూడా రాసుకోమంటారు. ఆపైన తర్వాతి అంశం. ఈ తంతు ఎనభై సార్లు దాటింది.

ఒకే అర్జీ ఎనభై సార్లు పెట్టుకున్న మనిషిని మా ఊళ్ళో పిచ్చివాడంటారు. ఎనభై సార్లు పుచ్చుకుని పక్కన పడేసిన ఆఫీసును ఏమంటారో ఇక్కడ రాయలేను.

నాకు అమెరికా మీద కోపం లేదని చెప్పను. ఉంది. కానీ ఈ ఉత్తరం రాయించింది ఆ కోపం కాదు. కాదన్నవాడి మొండితనం కన్నా అడిగేవాళ్ళ నింపాదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మీలో ఎంతమందికి ఆ ఏడు కుర్చీలు నిజంగా నిండాలని ఉంది? ఎంతమందికి అవి ఖాళీగా ఉంటేనే సుఖంగా ఉంది?

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను మీ సంస్థకు పుట్టుకతో అభిమానిని కాను. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా గోడల మీద సినిమా పోస్టర్ల కన్నా ఎక్కువగా కనిపించిన పేరు డంకెల్. మీ సంస్థకు ముందున్న గాట్ డైరెక్టర్ జనరల్ ఆర్థర్ డంకెల్ 1991 డిసెంబరులో బయటపెట్టిన ముసాయిదాను మేమెవ్వరం చదవలేదు. ‘డంకెల్ ప్రతిపాదనలను తిప్పికొట్టండి’ అని మాత్రం వేలసార్లు అరిచాం. మైదా జిగురు బకెట్టు మోసింది నేనే. రైతు విత్తనం దాచుకుంటే జైల్లో వేస్తారని మాకు చెప్పారు, మేం ఊళ్ళో చెప్పాం. 1995 జనవరి 1న మీ సంస్థ తలుపులు తెరిస్తే దాన్ని అమెరికా దుకాణం అన్నాం.

అలాంటివాడు ముప్ఫై ఏళ్ళ తర్వాత మీ దగ్గరికి వచ్చి, అయ్యా ఆ కుర్చీలు నింపండని అడుగుతున్నాడు. ఆ దుకాణంలో న్యాయం తూచే తక్కెడ ఒకటి ఉందని నాకు చూపించింది రొయ్యే.

వలల్లో తాబేళ్ళు చిక్కి చస్తున్నాయని, అవి తప్పించుకునే పరికరం ట్రాలర్లు వాడని దేశాల రొయ్య మాకొద్దని అమెరికా అడ్డం కొట్టింది. అది మా చెరువు రొయ్య గురించి కాదు, సముద్రంలో వలేసి పట్టే రొయ్య గురించి. ఇండియా, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి మీ దగ్గరికి వచ్చాయి. ఇండియా, పాకిస్తాన్ ఒకే అర్జీ మీద సంతకం పెట్టడమే ఒక విశేషం అనుకోండి. 1998 అక్టోబరు 12న అప్పిలేట్ బాడీ తీర్పు ఇచ్చింది. తాబేళ్ళను కాపాడాలనుకోవడం న్యాయమే, ఆ చట్టం ఉద్దేశంలో తప్పులేదు అంది. అంటూనే, కరీబియన్ దేశాలకు మూడేళ్ళ గడువిచ్చి ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం ఏం న్యాయమని అమెరికాను నిలదీసింది. అమెరికా చట్టాన్ని ఎత్తేయలేదు, అమలుచేసే పద్ధతి మార్చుకుంది. మా తరఫున వాదించినవాళ్ళకు కావలసిందంతా దొరకలేదు, ఎదుటివాడికీ దొరకలేదు.

రెండో కేసు ఇంకా మాకు దగ్గరది. 2005లో మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. సుంకం వేసి ఊరుకోలేదు, ఏడాది పొడుగునా కట్టబోయే సుంకానికి సరిపడా పూచీకత్తు బాండు కూడా ముందే ఇమ్మంది అమెరికా కస్టమ్స్. ఈ షరతు ఒక్క రొయ్యకే పెట్టింది. బాండు అంటే బ్యాంకులో డబ్బు ఇరుక్కోవడం. ఎగుమతిదారు డబ్బు అక్కడ ఇరుక్కుంటే ఆ లోటు చెరువు గట్టు మీద రేటులో తీస్తాడు. థాయ్‌లాండ్, ఇండియా విడివిడిగా కేసులు వేశాయి. ఈ బాండు సమంజసమైన పూచీ కాదని 2008 జూలైలో అప్పిలేట్ బాడీ తేల్చింది. మా ఊళ్ళో ఎవరూ బాణసంచా కాల్చలేదు, నిజానికి ఎవరికీ తెలియలేదు. అమెరికాను దాని రూలు పుస్తకంతోనే ఓడించగలిగే చోటు ఒకటి భూమ్మీద ఉందని నాలాంటి పత్రికల పురుగు ఒకడు చదువుకుని, పాత జిగురు బకెట్టు గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాడు.

అలాగని ఆ రోజులన్నీ బంగారం అనుకుంటున్నానని అనుకోకండి. పట్టుమని లక్షమంది లేని ఆంటిగ్వా ఆన్‌లైన్ జూదం కేసులో అమెరికా మీద గెలిచింది. ఏడాదికి 2 కోట్ల 10 లక్షల డాలర్ల మేరకు ప్రతిచర్య తీసుకోవచ్చని 2007లో కాగితం తెచ్చుకుంది, ఆ కాగితాన్నే చూసుకుంటూ కూర్చుంది. పత్తి కథ ఇంకా చిత్రం. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు తప్పని 2005లో బ్రెజిల్ గెలిచింది. ప్రతీకార సుంకాలు వేస్తాం, మీ పేటెంట్లు కూడా పక్కన పెడతాం అని బ్రెజిల్ కన్నెర్ర చేశాక, తన సబ్సిడీలు తను ఇచ్చుకుంటూనే అమెరికా ఏడాదికి 14 కోట్ల 73 లక్షల డాలర్ల చొప్పున బ్రెజిల్ పత్తి రైతుల నిధికి కట్టడానికి ఒప్పుకుంది. ఒప్పందం ఇద్దరి మధ్యే. అదే సబ్సిడీ వల్ల ధర చితికిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి రైతుకు గానీ, మా వరంగల్, ఆదిలాబాద్ రైతుకు గానీ అందులో పైసా రాలేదు. గెలిచిన తీర్పును వసూలు చేసుకోవడానికి కూడా కండ కావాలని అప్పుడే తెలిసింది. కోవిడ్ టీకాల పేటెంట్లు సడలించమని ఇండియా, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో అడిగితే మీరు 2022 జూన్‌కి ఒక అరకొర కాగితం ఇచ్చారు. టీకాలు చేసే హైదరాబాద్‌లోనే జనం టీకా కోసం వరసల్లో నిలబడి, ఆ అవసరం తీరిపోయాక వచ్చింది అది.

ఇన్ని తెలిసీ నమ్మకం ఎలా మిగిలిందని మీరు అడగవచ్చు. దానికి మా నాన్న కథ చెప్పాలి.

తొంభైల మొదట్లో టైగర్ రొయ్యల జోరులో నాన్న ఎకరంన్నర వరిచేనులో చెరువు తవ్వించాడు. ఉప్పునీరు ఊటలా దిగి పక్క చేను చచ్చిపోయింది. ఆ చేను వరసకు మాకు చినతాత అయ్యే ఆయనది. రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. చెరువు చుట్టూ ఊట బోదె తవ్వాలి, పోయిన పంటకు డబ్బు కట్టాలి అన్నారు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి కూలీలను పిలిచి బోదె తవ్వించాడు. మూడేళ్ళు తిరక్కుండా ఊళ్ళో అందరికన్నా పెద్ద రైతు కాలువకు అడ్డకట్ట వేసి మా నీళ్ళు ఆపేశాడు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా అదే అరుగు దగ్గరికి బయలుదేరాడు. ‘నిన్ను ఓడించినవాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్తున్నావేంటి నాన్నా’ అన్నాను. ‘వాళ్ళు నన్ను కూడా ఓడించారు కదరా, అందుకే’ అన్నాడు.

ఆ ‘కూడా’ అన్న మాట జెనీవాలో ఏ భాషలోకి తర్జుమా అవుతుందో నాకు తెలియదు.

ఇప్పుడు మీ అరుగు సంగతి. 2016లో దక్షిణ కొరియాకు చెందిన సభ్యుడి పునర్నియామకాన్ని అమెరికా అడ్డుకుంది. అంతకుముందు 2011లో తన దేశం మనిషికే రెండోసారి మద్దతు ఇవ్వలేదు. 2017 నుంచి ఒక్క కొత్త నియామకాన్నీ సాగనివ్వలేదు. ఏడుగురు కాస్తా ముగ్గురయ్యారు. అప్పీలు వినడానికి కనీసం ముగ్గురు కావాలి. 2019 డిసెంబరు 10న ఇద్దరి గడువు తీరింది. వారిలో ఒకరు మన ఉజల్ సింగ్ భాటియా. ఒక్కరు మిగిలారు, చైనాకు చెందిన హాంగ్ జావో. 2020 నవంబరు 30న ఆవిడ గడువూ అయిపోయింది. అప్పట్నుంచి ఆ ఏడు కుర్చీల్లో దుమ్ము తప్ప ఎవరూ లేరు. ట్రంప్ పోయి బైడెన్ వచ్చినా, బైడెన్ పోయి ట్రంప్ వచ్చినా ఆ దుమ్ము మాత్రం కదల్లేదు.

అమెరికా ప్రతినిధికి న్యాయంగా చెప్పాల్సింది చెబుతాను. మీ ఫిర్యాదులు అన్నీ వట్టివి కావు. తొంభై రోజుల్లో తేల్చాల్సిన అప్పీళ్ళు ఏడాది దాకా సాగాయి. గడువు తీరిన సభ్యులు కేసులు వింటూనే ఉన్నారు. ఒప్పందంలో లేని సంగతులు తీర్పుల్లోకి వచ్చాయని మీరన్నప్పుడు కొన్నిచోట్ల మీతో ఏకీభవించే పండితులు మీ దేశం బయట కూడా ఉన్నారు. చైనా ప్రభుత్వ కంపెనీల సబ్సిడీలను పట్టుకోవడానికి మీ పాత నిబంధనలు చాలవన్న మాటలోనూ నిజముంది. కానీ న్యూజిలాండ్ రాయబారి డేవిడ్ వాకర్ 2019లో మీ ఫిర్యాదులు ఒక్కొక్కటీ తీసుకుని జవాబుగా సూత్రాలు రాసి ముందు పెడితే, చాలదన్నారు. ఏది చాలుతుందో చెప్పలేదు. ఈ సంస్థలో అందరికన్నా ఎక్కువ కేసులు వేసిన దేశం మీది. గాట్ రోజుల్లో తీర్పులకు పళ్ళు లేవని, పళ్ళున్న వ్యవస్థ కావాలని అందరికన్నా గట్టిగా పట్టుబట్టిందీ మీరే. ఆ పళ్ళు మీకు కూడా దిగేసరికి ఏరు దాటి తెప్ప తగలేసినట్టు చేయడం మీకు తగునా? పెద్దన్న అనిపించుకున్నవాడు అరుగు మీదికి రాను అనవచ్చు. ఇంకెవరూ కూర్చోకూడదని అరుగే తవ్వేస్తాడా?

మిగతా 165 మంది తలలూపుతున్నారేమో, కాస్త ఆగండి. అసలు మాట ఇప్పుడు వస్తుంది.

కుర్చీలు ఖాళీ అయ్యాక ఒక కొత్త విద్య పుట్టింది. కేసు మొదట వినే కింది ప్యానెల్‌లో ఓడిపోతే అప్పీలు చేయడమే. వినేవాడు లేడు కాబట్టి అప్పీలు తేలదు. అప్పీలు తేలలేదు కాబట్టి ప్యానెల్ తీర్పు అమల్లోకి రాదు. ‘శూన్యంలోకి అప్పీలు’ అని మీరే దానికి ముద్దుపేరు పెట్టారు. 2019 డిసెంబరులో మొదటిసారి ఆ పని అమెరికా చేసింది, మన ఉక్కు కేసులో, మన మీదే. మనవాళ్ళకు మండింది. న్యాయమే. మరి 2022 జనవరిలో ఏం జరిగింది? మన చెరకు సబ్సిడీలు పరిమితి దాటాయని ఆస్ట్రేలియా, బ్రెజిల్, గ్వాటెమాలా ప్యానెల్‌లో గెలిస్తే, మనమూ ఆ ఖాళీ కుర్చీలకే అప్పీలు చేశాం. మొబైల్ ఫోన్ల లాంటి ఎలక్ట్రానిక్ సామాను మీద వేసిన సుంకాల కేసులో జపాన్ మీద, యూరప్ మీద 2023లో మళ్ళీ చేశాం. నికెల్ ఖనిజం కేసులో ఇండోనేసియా అదే చేసింది. ఉక్కు, అల్యూమినియం సుంకాల కేసులో ఓడి 2023 జనవరిలో అమెరికా ఇంకోసారి చేసింది. తిలాపాపం తలా పిడికెడు.

భారత రాయబారిగారూ, ఈ నాలుగు ముక్కలు ప్రత్యేకం మీకు. ప్యానెల్ చెరకు లెక్క తప్పే వేసి ఉండవచ్చు. మీ సంస్థ వేసే వ్యవసాయ లెక్కల విచిత్రం నాకు తెలియనిది కాదు. ఈ రోజు వడ్లకు ఇచ్చే మద్దతు ధరను 1986-88 నాటి ధరతో పోల్చి, చూశారా ఎంత సబ్సిడీ ఇచ్చేస్తున్నారో అంటారు. మా నాన్న చెరువు తవ్వక ముందు నాటి ధర అది! ఆహార నిల్వల మీద శాశ్వత పరిష్కారం ఇస్తామని 2013లో బాలిలో చెప్పి ఇప్పటికీ ఇవ్వలేదు. ఇదంతా గట్టిగా వాదించండి, మేం మీ వెనకే ఉంటాం. కానీ లెక్క తప్పని తేలే చోటు లేదని తెలిసీ అప్పీలు చేయడం వాదన ఎలా అవుతుంది? అది తప్పించుకోవడం. తణుకు చుట్టుపక్కల చెరకు రైతును కాపాడానని మీరు అనుకోవచ్చు. ఆ దారినే రేపు ఇంకొకరు వచ్చి భీమవరం రొయ్య రైతును ముంచితే, ఏ మొహంతో అడ్డుకుంటారు?

రేపు అన్నాను గానీ అది నిన్ననే జరిగింది.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నారు. మామూలు వరసలో మన రొయ్య మీద అమెరికాలో దిగుమతి సుంకమే లేదు, సున్నా. 9న, ఆగండి, తొంభై రోజులు చూద్దాం అన్నారు. వాషింగ్టన్‌లో అది వారం రోజుల నాటకం. ఇక్కడ ఆ వారంలో పట్టుబడికి వచ్చిన చెరువులున్నాయి. చెప్పిన సుంకం ఇంకా పూర్తిగా పడనే లేదు, గట్టు మీద రేటు పడిపోయింది. ఆగస్టు 7న 25 శాతం నిజంగానే పడింది. 27న రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా ఇంకో 25. మొత్తం 50. అంతకుముందే పడిన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం, యాంటీ డంపింగ్ సుంకం దానికి అదనం.

ఆ ఆగస్టు నెలాఖరు రాత్రి మా బావమరిది చెరువు గట్టు మీద ఉన్నాను. ఆరెకరాలు లీజుకు చేస్తున్నాడు. ముసురు పట్టింది. వానకు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు అన్నీ వేసేశాడు, కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా ఉంచాడు. టార్చి పట్టుకుని చెక్ ట్రే పైకి లాగాడు. మేత మొత్తం తినేసింది. ఒక రొయ్యను వెలుగుకు పట్టి చూశాడు, నడుం పొడుగునా పేగు నల్లగా నిండుగా ఉంది. ఆరోగ్యంగా ఉంది, ఇంకో పదిరోజులు ఉంచితే సైజు పెరుగుతుంది. మామూలు రోజుల్లో అయితే సంబరపడాలి. ఏజెంటుకు ఫోన్ చేశాడు. నిన్న చెప్పిన రేటు ఈ రోజు లేదు, రేపటి రేటు రేపే చెబుతానన్నాడు ఏజెంటు. వాడి తప్పేముంది, వాడికి ప్లాంటు చెప్పలేదు, ప్లాంటుకు అమెరికా కొనుగోలుదారు చెప్పలేదు. ఉంచితే రోజుకు ఇన్ని బస్తాల మేత, పైగా ఏ వైట్ స్పాట్ జబ్బో తగిలిందంటే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. పట్టేస్తే లీజు డబ్బు కూడా రాదు. ట్రే మళ్ళీ నీళ్ళలోకి దించి, ‘బావా, మన వనామీ రొయ్య ఎప్పుడైనా రష్యా చమురు తాగిందంటావా?’ అన్నాడు. నవ్వాం. నవ్వకపోతే ఏం చేస్తాం!

అయ్యలారా, అమ్మలారా, ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను. ఉక్రెయిన్‌లో యుద్ధం రొయ్య చేసిందా? అదే చమురు మనకన్నా ఎక్కువగా కొన్న చైనా మీద ఆ 25 శాతం ఎందుకు పడలేదు? చైనా చేతిలో అరుదైన ఖనిజాలు ఉన్నాయి, మా చేతిలో రొయ్యలున్నాయి కాబట్టి. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెతను అబద్ధం చేయడానికి కాకపోతే మీ సంస్థను ఇంకెందుకు పెట్టుకున్నట్టు?

2024-25లో మన దేశం నుంచి వెళ్ళిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో అందరికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికా, పోయే సరుకులో పెద్ద వాటా రొయ్య, ఆ రొయ్య పండించడంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అంకె పెద్దది, దాని కిందున్న చేతులు చిన్నవి. ప్లాంట్లలో పొద్దుటి నుంచి ఐసు నీళ్ళలో తలలు తీసే ఆడవాళ్ళ వేళ్ళ చివరలు నానిపోయి తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. కంటైనర్లు ఆగితే వాళ్ళకు పని ఉండదు, ఎందుకు లేదో చెప్పేవాళ్ళూ ఉండరు. తర్వాత ఆ సుంకాల అంకెలు మారవచ్చు, తగ్గనూ వచ్చు. ఒక మనిషి సంతకంతో ఎక్కినది ఆ మనిషి సంతకంతోనే దిగితే, దిగినందుకు మేం సంతోషించాలా, ఎక్కించగలిగినందుకు భయపడాలా?

2025 మే నెలలో అమెరికా, చైనా ఒకదాని మీద ఒకటి వంద శాతం దాటించిన సుంకాలు దించుకోవడానికి కూర్చున్నాయి. ఎక్కడ కూర్చున్నాయో మీకు నేను చెప్పాలా? మీ జెనీవాలోనే. సరస్సుకు ఈ ఒడ్డున మీ భవనం, అవతల కొలోన్యీలో ఒక విల్లా. ప్రపంచంలోకెల్లా పెద్ద వాణిజ్య తగాదా మీ కిటికీలకు ఎదుటి ఒడ్డున, మీతో పని లేకుండా సద్దుకుంది. రాజీ పడితే మంచిదే. అయితే ఆ ఇద్దరూ తేల్చుకున్న దాంట్లో మూడో దేశానికి ఏం మిగిలిందో ఏ రూలు పుస్తకంలో చూసుకోవాలి?

చైనా రాయబారిగారు ఈ మాటలు విని సంతోషపడతారేమో. పడకండి. నిబంధనల వ్యవస్థకు మేమే కాపలా అని మీరు ప్రతి సమావేశంలో చెబుతారు. అరుదైన ఖనిజాల కేసులో 2014లో ఓడిపోయి కోటాలు ఎత్తేశారు, కుర్చీలు ఖాళీ అయ్యాక కొన్ని దేశాలు పెట్టుకున్న తాత్కాలిక అప్పీలు ఏర్పాటులో చేరారు, ఇవి మీ ఖాతాలో వేస్తాను. కానీ కోవిడ్ పుట్టుక మీద విచారణ అడిగిందని 2020లో ఆస్ట్రేలియా బార్లీ మీద 80 శాతం సుంకం ఎవరు వేశారు? తైవాన్ పేరుతో ఆఫీసు తెరవనిచ్చిందని 2021లో లిథువేనియా సరుకు మీ కస్టమ్స్ కంప్యూటర్లలో రాత్రికి రాత్రి ఎలా మాయమైంది? ఒకరు తాళం పగలగొట్టారు, ఇంకొకరు తాళంచెవి చేయించుకున్నారు.

యూరప్ రాయబారులారా, అందరికీ ఒకే రేటు అన్న సూత్రం మీద మీరిచ్చే ఉపన్యాసాలు నేను చదువుతుంటాను. 2025 జూలైలో స్కాట్లాండ్‌లో, అమెరికా అధ్యక్షుడి సొంత గోల్ఫ్ మైదానంలో, 15 శాతానికి తలూపి వచ్చింది ఎవరు? ఆ ఏడాది మీకు 15, జపాన్‌కు 15, మాకు 50, అడిగి తెచ్చుకున్నవాడికి ఒకటి, అడగనివాడికి ఒకటి. ఆ సూత్రం రాసిన మొదటి అధికరణం ఇంకా మీ పుస్తకంలో ఉందా, చించేశారా?

బ్రెజిల్ మాత్రం 2025 ఆగస్టులో మీ గడప తొక్కింది. చైనా, కెనడా కూడా ఫిర్యాదులు వేశాయి. వాళ్ళు గెలవవచ్చు. గెలిచాక ఏమవుతుందో మీకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ప్యానెల్ తీర్పు వచ్చిన రోజున అమెరికా ఒక కాగితం ముక్క మీద అప్పీలు అని రాసి ఆ ఖాళీ గదిలో పడేస్తే చాలు. రేపు మా ప్రభుత్వం రొయ్య కోసం కేసు వేస్తే దానికీ అంతే. అప్పుడు ఇది అన్యాయం అని మా ప్రభుత్వం అంటే, చెరకు కేసులో మీరు చేసిందేమిటని ఎదుటివాడు అడుగుతాడు. నోరెత్తే హక్కును ముందే తాకట్టు పెట్టుకున్నాం.

మా ఊళ్ళో మీ సంస్థ పేరు తెలిసినవాళ్ళు పదిమంది ఉండరు. జనానికి అంతర్జాతీయ సంస్థల మీద నమ్మకం తగ్గిపోతోందని మీ సదస్సుల్లో వాపోతుంటారు. జనం మిమ్మల్ని నమ్మడమంటే మీ ఫోటో గోడకు పెట్టుకోవడం కాదు. ఎకరాకు ఇంత అని లీజు డబ్బు ముందే కట్టి, సీడు పోసి, మేత దుకాణంలో అరువు రాయించుకుని మూడు నాలుగు నెలలు నిద్రకాచే మనిషి, పట్టుబడి నాటికి కొనేవాడు కొంటాడన్న ధీమాతో ఆ పని చేస్తాడు. ఆ ధీమాకు అట్టడుగున ఎక్కడో మీ సంతకాలున్నాయి. మర్రకేష్‌లో 1994 ఏప్రిల్‌లో పెట్టినవి. వాడికి ఆ సంగతి తెలియదు. మీకు తెలుసు కదా?

మరి ఏం చేయమంటావు, ఏకాభిప్రాయం లేనిదే కుర్చీ నిండదు, అది నిబంధన అంటారు. ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఓటు వేయవచ్చన్న మాట కూడా మీ మర్రకేష్ ఒప్పందంలో తొమ్మిదో అధికరణంలో ఉంది. అది వివాద పరిష్కార మండలికి వర్తించదని కొందరు, దారి వెతికితే దొరుకుతుందని కొందరు వాదిస్తారు. నేను లాయరును కాను. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆ తలుపు తోసి చూశారా? ఓటు వేస్తే అమెరికా లేచి వెళ్ళిపోతుందని భయం. లోపల ఉండి అది చేస్తున్నదేమిటి?

అది అంత పెద్ద మాట అనుకుంటే, చిన్నది అడుగుతాను. శూన్యంలోకి వేసిన అప్పీళ్ళను వేసినవాళ్ళు వెనక్కి తీసుకోండి. ఇకమీద వేయబోమని రాసివ్వండి. దీనికి అమెరికా అనుమతి అక్కర్లేదు, ఏకాభిప్రాయం అక్కర్లేదు, పెన్ను చాలు. 2020 ఏప్రిల్‌లో కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్న తాత్కాలిక అప్పీలు ఏర్పాటులో యూరప్ ఉంది, చైనా ఉంది, బ్రెజిల్ ఉంది, ఆస్ట్రేలియా, కెనడా, జపాన్, 2025లో చేరిన బ్రిటన్ కూడా ఉన్నాయి. మనం ఎందుకు లేం, భారత రాయబారిగారూ? అసలు అప్పిలేట్ బాడీయే కావాలి, తాత్కాలికం వద్దన్నది మన వాదన. పెళ్ళిమండపం కట్టేదాకా పందిరి కింద కూడా కూర్చోనంటే ముహూర్తం ఆగుతుందా? చెరకు కేసును తీసుకెళ్ళి ఆ పందిరి కిందే వాదించండి. ఓడిపోతే ఓడిపోండి. మా నాన్న ఓడి బోదె తవ్వాడు.

2024 నాటికల్లా వివాద పరిష్కార వ్యవస్థను పూర్తిగా నడిపిస్తామని 2022 జూన్‌లో జెనీవా మంత్రుల సదస్సులో మీ మంత్రులందరూ రాసిచ్చారు. అమెరికా కూడా. 2024 ఫిబ్రవరిలో అబుదాబిలో మళ్ళీ కలిసి అదే మాట ఇంకోసారి రాసుకున్నారు. ఆ ఏడాది గడిచింది, తర్వాతిదీ గడిచింది.

ఒక అప్పీలు తేల్చడానికి మీ నిబంధనల్లో ఉన్న గరిష్ఠ గడువు 90 రోజులు. మా వనామీ పంటకాలం కూడా ఇంచుమించు అంతే. కుర్చీలు ఖాళీ అయినప్పటి నుంచి మా బావమరిది పన్నెండు పంటలు తీశాడు, వాటిలో మూడు పూర్తిగా పోయాయి. ఇప్పుడు మళ్ళీ సీడు పోశాడు. చెరువు నలభయ్యో రోజులో ఉంది, నిన్న ట్రేలో మేత కొంచెం మిగిలిందట. పట్టుబడి వచ్చేలోపు మీ మండలి ఇంకో రెండుసార్లు కూర్చుంటుంది. ఆ అంశం అజెండాలో వస్తుంది, ఎవరో లేస్తారు. ఈసారి వాళ్ళు విచారం వెలిబుచ్చకుండా ఇంకేదైనా చేస్తే, ఏం చేశారో నాకు రాయండి. గట్టు మీదికి వెళ్ళి వాడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒకప్పుడు మీ సంస్థ వద్దని గోడలకు జిగురు పూసినవాడు,
పశ్చిమ గోదావరి జిల్లా.